వేగాలు కలిస్తే ఎంత? కవలల్లో చిన్నదెవరు?

సాపేక్షతా సిద్ధాంతం చదవడం మొదలుపెట్టిన వాళ్లకు దాదాపు అందరికీ రెండు సందేహాలు వస్తాయి. కాంతి వేగంలో ఐదింట నాలుగు వంతుల వేగంతో పోయే నౌకలోంచి అంతే వేగంతో మరో నౌకను ముందుకు వదిలితే, ఆ రెండోది కాంతిని దాటిపోదా? ఇది మొదటిది. కవలల్లో ఒకరు దూరప్రయాణం చేసి తిరిగొస్తే ఇంటి దగ్గరున్నవారికంటే వయసులో చిన్నగా ఉంటారంటారు. కదలిక సాపేక్షమే అయితే, ఇంటి దగ్గరున్నవారే ఎందుకు చిన్నగా ఉండకూడదు? ఇది రెండోది.

పాఠ్యపుస్తకాల్లో ఇవి వేర్వేరు చోట్ల వస్తాయి. అందుకే రెండూ సంబంధం లేని వింతల్లా మనసులో ఉండిపోతాయి. నిజానికి మొదటిదానికి జవాబు తెలియకపోతే రెండోదాని లెక్క తేలదు. వేగాలు ఎలా కలుస్తాయో పట్టుబడితే, కవలల వయసు ఎవరి వైపు నుంచి లెక్కేసినా ఒక్కటే వస్తుంది. దీనికి పదో తరగతి గణితం చాలు. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకుని చదివితే ఇంకా మంచిది.

మామూలు కూడిక ఎక్కడ తప్పుతుంది?

గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతున్న రైల్లో ఒకాయన ఇంజను వైపు గంటకు 5 కిలోమీటర్ల వేగంతో నడుస్తున్నాడు. ప్లాట్‌ఫారం మీద నిలబడ్డవాళ్లకు ఆయన వేగం 105 అని చెబుతాం. ఈ కూడికలో మనం పైకి అనని నమ్మకం ఒకటి దాగుంది. వేగమంటే దూరాన్ని కాలంతో భాగిస్తే వచ్చేది. ఆ 5 కిలోమీటర్లు రైల్లోని కొలతతో, రైల్లోని గడియారంతో తేల్చినవి. ఆ 100 ప్లాట్‌ఫారం కొలతతో, ప్లాట్‌ఫారం గడియారంతో తేల్చినవి. రెండు చోట్లా మీటరు ఒకటే, సెకనూ ఒకటే అయితేనే 100ని, 5ని నేరుగా కూడవచ్చు.

రైలు విషయంలో ఈ నమ్మకం వల్ల వచ్చే తప్పు ఎంత? ఆయన అలా గంటసేపు నడిచినా, మన లెక్కకూ అసలు లెక్కకూ తేడా ఒక హైడ్రోజన్ పరమాణువు వెడల్పంత కూడా ఉండదు. అందుకే వేల ఏళ్లపాటు ఎవరికీ అనుమానం రాలేదు. అనుమానం తెచ్చిపెట్టింది కాంతి.

కాంతి వేగం అందరికీ ఒకటేనని ఎలా తెలిసింది?

భూమి సూర్యుడి చుట్టూ సెకనుకు సుమారు 30 కిలోమీటర్ల వేగంతో తిరుగుతోంది. మామూలు కూడిక సరైనదైతే, భూమి పోయే దిశలో కాంతి వేగానికీ దానికి అడ్డంగా ఉన్న దిశలో వేగానికీ తేడా కనిపించాలి. 1887లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో మైకెల్సన్, మోర్లీ ఆ తేడా కోసం ఎంతో సునిశితంగా వెతికారు. ఉండాల్సినంత తేడా దొరకలేదు.

ఇంకా సూటిగా పరీక్షించింది 1964లో, జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాల. కాంతి వేగంలో 99.97 శాతానికి మించి పరిగెత్తే పయాన్ కణాలు క్షీణించి, ముందుకు గామా కిరణాలు విడుస్తాయి. గామా కిరణమూ కాంతే. మామూలు కూడిక ప్రకారం దాని వేగం కాంతి వేగానికి దాదాపు రెట్టింపు రావాలి. కొలిస్తే సరిగ్గా కాంతి వేగమే వచ్చింది. కాంతిని విడిచే వస్తువు ఎంత వేగంతో పరిగెత్తుతున్నా ఆ వేగం కాంతికి తోడవదు. 1905లో, స్విట్జర్లాండ్‌లోని బెర్న్ పేటెంట్ కార్యాలయంలో పనిచేస్తూ, ఐన్‌స్టీన్ తన సిద్ధాంతానికి పునాదిగా తీసుకున్న మాట ఇదే.

వేగాన్ని కాంతితోనే కొలిస్తే ఎలా ఉంటుంది?

కాంతి వేగం ఒక్కటే అందరికీ ఉమ్మడి అయితే, కొలతలన్నీ దానితోనే చేద్దాం. గణితవేత్త హెర్మన్ బాండి ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది.

గంగ, గౌరి కవల అక్కచెల్లెళ్లు. గౌరి భూమ్మీదే ఉంటుంది. గంగ నౌకలో మారని వేగంతో నేరుగా దూరమవుతోంది. ఆమె బయల్దేరిన క్షణాన ఇద్దరి గడియారాలూ సున్నా దగ్గరున్నాయి. సరిగ్గా ఏడాది నిండగానే గౌరి కాంతి రూపంలో ఒక కబురు పంపింది. అది అందేటప్పటికి గంగ గడియారం 3 ఏళ్లు చూపించిందనుకుందాం. గంగ ఆ క్షణమే జవాబు పంపింది. అది గౌరికి ఎప్పుడు చేరుతుంది?

గౌరి దగ్గరి 1 ఏడాది గంగ దగ్గరికి వచ్చేసరికి 3 ఏళ్లుగా సాగింది. జవాబు వచ్చేటప్పుడూ అంతే సాగాలి. ఎందుకంటే ఇద్దరూ ఒకరి నుంచి ఒకరు ఒకే వేగంతో దూరమవుతున్నారు, కాంతి వేగమూ ఇద్దరికీ ఒకటే. ఒకరిని ఒకలా, ఇంకొకరిని మరోలా చూడ్డానికి కారణమే లేదు. కాబట్టి గంగ 3వ ఏట పంపిన జవాబు గౌరికి 9వ ఏట చేరుతుంది.

ఇప్పుడు గౌరి లెక్క వేసుకుంటుంది. 1వ ఏట వెళ్లిన కాంతి 9వ ఏట తిరిగొచ్చింది. మొత్తం 8 ఏళ్లు. పోవడానికి 4, రావడానికి 4. అంటే గంగ 4 కాంతి సంవత్సరాల దూరంలో ఉండగా కబురు అందింది, అది అందింది 5వ ఏట. 5 ఏళ్లలో 4 కాంతి సంవత్సరాలు పోయింది కాబట్టి గంగ వేగం కాంతి వేగంలో 4/5.

అడగకుండానే ఇంకో ఫలితమూ చేతికొచ్చింది. కబురు అందిన ఆ ఒక్క సంఘటన గౌరి లెక్కలో 5వ ఏట జరిగింది, గంగ గడియారంలో 3వ ఏట జరిగింది. కదిలే గడియారం నెమ్మదిస్తుందన్న మాట ఇక్కడ నమ్మకంతో పనిలేకుండా లెక్కలోంచే తేలింది.

అయితే వేగాలు కలిసేది ఎలా?

పై లెక్కలోని 3ను గుణకం అందాం. గుణకం నుంచి వేగాన్ని రాబట్టడం తేలిక. గుణకం వర్గంలోంచి 1 తీసేసిన సంఖ్యను, వర్గానికి 1 కలిపిన సంఖ్యతో భాగిస్తే చాలు. 3 వర్గం 9. 8ని 10తో భాగిస్తే 4/5.

ఇప్పుడు గంగ నౌకలోంచి అదే దిశలో, గంగ కొలతలో 4/5 వేగంతో రెండో నౌక బయల్దేరిందనుకుందాం. గౌరి ఏడాదికొకటి చొప్పున పంపే కబుర్లు గంగకు మూడేళ్లకొకటి అందుతాయి. అందిన ప్రతి కబురునూ గంగ వెంటనే రెండో నౌకకు తిరిగి పంపుతుంది. గంగకూ ఆ నౌకకూ మధ్య గుణకం 3 కాబట్టి, ఆ నౌకకు 9 ఏళ్లకొక కబురు చేరుతుంది. గౌరి పంపిన అసలు కాంతీ, గంగ తిరిగి పంపిన కాంతీ పక్కపక్కనే, ఒకే వేగంతో ప్రయాణిస్తాయి. కాబట్టి గౌరికీ రెండో నౌకకూ మధ్య గుణకం 9.

9 వర్గం 81. 80ని 82తో భాగిస్తే 40/41. అదే రెండో నౌక వేగం. కాంతి వేగంలో సుమారు 97.6 శాతం.

అసలు కీలకం ఇదే. వేగాలు ఒకదానికొకటి కూడుకోవు, గుణకాలు ఒకదానితో ఒకటి హెచ్చించుకుంటాయి. మూడో నౌకను వదిలితే గుణకం 27, నాలుగోదానికి 81. గుణకం ఎంత పెరిగినా, వర్గంలోంచి 1 తీసిన సంఖ్య వర్గానికి 1 కలిపిన సంఖ్యను ఎన్నటికీ అందుకోలేదు. వేగం కాంతి వేగాన్ని చేరకపోవడానికి కారణం దారిలో ఏదో గోడ అడ్డురావడం కాదు, ఈ భిన్నం తీరే అంత.

దీన్నే పుస్తకాలు సూత్రంగా ఇస్తాయి. వేగాలను కాంతి వేగంలో భిన్నాలుగా రాసుకుని, రెండింటి మొత్తాన్ని, 1కి ఆ రెండింటి లబ్ధం కలిపిన సంఖ్యతో భాగించాలి. 1.6ను 1.64తో భాగిస్తే మళ్లీ 40/41 వస్తుంది. రైల్లో నడిచే ఆయన విషయంలో ఆ లబ్ధం లెక్కలోకి రానంత చిన్నది. అందుకే మామూలు కూడిక పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది.

రెండు నౌకలు ఎదురెదురుగా వస్తే వాటి మధ్య దూరం ఎంత వేగంగా తగ్గుతుంది?

ఇక్కడ చాలామంది తడబడతారు. భూమ్మీద నుంచి చూస్తే ఎడమ నుంచి ఒక నౌక, కుడి నుంచి ఒక నౌక చెరో 4/5 వేగంతో వస్తున్నాయి. వాటి మధ్య ఖాళీ ఏడాదికి 1.6 కాంతి సంవత్సరాల చొప్పున తగ్గుతుంది. ఇందులో తప్పేమీ లేదు. రెండు వేగాలనూ కొలిచింది ఒకే వ్యక్తి, ఒకే గడియారంతో. ఇక్కడ మామూలు కూడిక, తీసివేత చెల్లుతాయి. ఏ వస్తువూ ఆ 1.6 వేగంతో కదలడం లేదు. ఒక నౌకలో కూర్చుని రెండోదాని వేగం కొలిస్తే మాత్రం 40/41 వస్తుంది. ఈ తేడా గుర్తుంచుకోండి, కవలల దగ్గర అవసరపడుతుంది.

ఈ సూత్రానికి రుజువేమిటి?

రుజువు సూత్రం కంటే 54 ఏళ్లు ముందే వచ్చింది. 1851లో ఫ్రాన్స్‌లో ఫిజో అనే శాస్త్రవేత్త గొట్టాల్లో సెకనుకు సుమారు 7 మీటర్ల వేగంతో నీళ్లు పారించి, ఆ నీటిలోంచి కాంతిని పంపాడు. నిలకడ నీటిలో కాంతి వేగం గాలిలోకంటే తక్కువ, సెకనుకు సుమారు 2 లక్షల 25 వేల కిలోమీటర్లు. ప్రవాహం వెంట పోయే కాంతికి నీటి వేగం మొత్తం కలిసిందా? లేదు. సగం కంటే కాస్త తక్కువే కలిసింది. అంతే కలుస్తుందని ఫ్రెనెల్ అంతకుముందే ఊహించాడు. విశ్వమంతా నిండి ఉందనుకున్న ఈథర్‌ను నీరు కొంతమేర ఈడ్చుకుపోతుందన్నది ఆయన చెప్పిన కారణం.

1907లో మాక్స్ ఫాన్ లావే కొత్త సూత్రంలో నీటిలోని కాంతి వేగాన్నీ, నీటి వేగాన్నీ పెట్టి చూశాడు. నీటి వేగంలో సుమారు 44 శాతం మాత్రమే కలవాలని తేలింది. ఫిజో కొలతతో అది సరిపోయింది. ఈథర్ అక్కర్లేదు, ఈడ్చుకుపోవడమూ అక్కర్లేదు. వేగాలు కలిసే పద్ధతే అది.

కవలల చిక్కు ఏమిటి?

గడియారాన్ని చుట్టూ తిప్పి తెచ్చి మొదటి చోట పెడితే, అక్కడే ఉన్న గడియారం కంటే అది వెనకబడి ఉంటుందని ఐన్‌స్టీన్ 1905 వ్యాసంలోనే రాశాడు. 1911లో ఫ్రెంచి శాస్త్రవేత్త పాల్ లాంజెవిన్ గడియారం స్థానంలో మనిషిని కూర్చోబెట్టాడు. ఆయన ప్రయాణికుడు రెండేళ్లు తిరిగొచ్చేసరికి భూమ్మీద రెండు వందల ఏళ్లు గడిచిపోతాయి. కవలలు ఈ కథలోకి తర్వాత వచ్చారు.

మన గంగ 4/5 వేగంతో 4 కాంతి సంవత్సరాల దూరంలోని నక్షత్రం దాకా వెళ్లి, వెంటనే తిరిగి అదే వేగంతో వచ్చిందనుకుందాం. గౌరికి పోవడానికి 5, రావడానికి 5, మొత్తం 10 ఏళ్లు. గంగకు 3, 3, మొత్తం 6 ఏళ్లు.

గంగ వాదన ఇది: "నేను కదల్లేదు, భూమే కదిలింది. కాబట్టి గౌరి గడియారమే 3/5 వంతు నడవాలి. నాకు 6 ఏళ్లయితే ఆమెకు 3.6 ఏళ్లే." ఇద్దరూ పక్కపక్కన నిలబడినప్పుడు రెండు జవాబులూ నిజం కాలేవు. ఏది తప్పు?

కబుర్లు లెక్కపెడితే ఏం తేలుతుంది?

ఇద్దరూ తమతమ గడియారం ప్రకారం ఏడాదికొక కబురు పంపుకున్నారు. దూరమవుతున్నప్పుడు కబుర్లు మూడేళ్లకొకటి అందుతాయి. దగ్గరవుతున్నప్పుడు గుణకం తలకిందులవుతుంది, కాబట్టి ఏడాదికి మూడు అందుతాయి.

గంగ వెళ్లిన 3 ఏళ్లలో ఆమెకు ఒకే కబురు అందింది. తిరిగొచ్చిన 3 ఏళ్లలో 9 అందాయి. మొత్తం 10. గౌరి పదేళ్లు పెద్దదైందని గంగే స్వయంగా లెక్కపెట్టింది.

గౌరి వైపు చూద్దాం. గంగ 5వ ఏట వెనక్కి తిరిగినా, ఆ సంగతి మోసుకొచ్చే కాంతికి 4 ఏళ్లు పడుతుంది. కాబట్టి గౌరికి 9వ ఏడు దాకా కబుర్లు మూడేళ్లకొకటి చొప్పునే అందాయి, మొత్తం 3. చివరి ఏడాదిలో మిగతా 3 వచ్చాయి. మొత్తం 6.

ఇద్దరి అనుభవాలూ ఒకేలా లేవని ఇక్కడ కళ్లకు కడుతుంది. గంగకు తన ప్రయాణం సగంలోనే కబుర్ల జోరు మారింది, ఎందుకంటే తిరిగింది ఆమె. గౌరికి పదేళ్లలో తొమ్మిదేళ్లు గడిచాక మారింది. గంగ వాదనలోని "ఇద్దరమూ ఒకటే" అన్న మాట నిలవదు.

అయితే వెనక్కి తిరిగేటప్పటి త్వరణమే కారణమా?

త్వరణం వల్ల ఎవరు తిరిగారో తెలుస్తుంది. వయసు తేడా మాత్రం దానివల్ల పుట్టలేదు. ఎవరూ వెనక్కి తిరగని కథ చెప్పుకుంటే ఇది రుజువవుతుంది.

గంగ ఆగకుండా ముందుకే పోతుంది. నక్షత్రం దగ్గర యమున అనే ఇంకొకామె నౌక ఎదురుగా, భూమి వైపు 4/5 వేగంతో వస్తోంది. ఒకరినొకరు దాటే క్షణాన గంగ గడియారంలోని 3ను చూసి యమున తన గడియారాన్నీ 3కు పెట్టుకుంటుంది. ఆమె భూమిని దాటేటప్పుడు గడియారం 6 చూపిస్తుంది, గౌరి గడియారం 10 చూపిస్తుంది. ఎవరికీ త్వరణం లేదు. తేడా అలాగే ఉంది.

ఇప్పుడు ఇదంతా గంగ కొలతల్లోనే వేద్దాం. ఆమె కదలడం లేదు, గౌరి 4/5 వేగంతో వెనక్కి పోతోంది. 3వ ఏట భూమి 2.4 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. ఆ క్షణాన యమున గంగను దాటి భూమిని వెంటాడుతోంది. ఎంత వేగంతో?

మామూలు కూడిక వేస్తే 8/5. అప్పుడు భూమికంటే యమున వేగం 4/5 ఎక్కువ. 2.4ను దానితో భాగిస్తే 3 ఏళ్లు. మొత్తం 6 ఏళ్లు. గౌరి గడియారం అందులో 3/5 వంతు, అంటే 3.6 ఏళ్లు. గంగ వాదనలోని 3.6 సరిగ్గా ఇదే! ఆ చిక్కు మామూలు కూడికలోంచే పుట్టింది.

సరైన వేగం 40/41. గంగ ఒక్కతే కొలుస్తోంది కాబట్టి తీసివేత చెల్లుతుంది. 40/41 లోంచి 4/5 తీసేస్తే 36/205. 2.4ను దానితో భాగిస్తే 41/3 ఏళ్లు. మొదటి 3 కలిపితే 50/3. గౌరి గడియారం అందులో 3/5 వంతు, సరిగ్గా 10. యమున గడియారం సంగతి? ఆమె గుణకం 9. 1వ ఏట వెళ్లిన కాంతి 9వ ఏట తగిలి 81వ ఏట తిరిగొస్తుంది, అంటే 41 ఏళ్లకు ఆమె గడియారం 9 ఏళ్లే నడుస్తుంది. 41/3లో 9/41 వంతు 3. గంగ 3, యమున 3, మొత్తం 6.

గౌరి గడియారం నెమ్మదిగా నడుస్తోందన్న గంగ మాట అబద్ధం కాదు. తిరుగు ప్రయాణానికి తన పాత కొలతల్లో 3 ఏళ్లే పడుతుందనుకోవడమే ఆమె పొరపాటు. యమునకు 3 ఏళ్లయిన ఆ ప్రయాణం, గంగ కొలతల్లో 13 ఏళ్లు దాటింది.

దీన్ని మనసులో ఎలా నిలుపుకోవాలి?

విజయవాడ నుంచి ఒక కారు సూర్యాపేట మీదుగా, ఇంకొకటి గుంటూరు, మిర్యాలగూడ మీదుగా హైదరాబాద్ చేరాయి. మీటర్లలో కిలోమీటర్లు వేర్వేరుగా ఉంటాయి. మలుపు దగ్గర కారుకు ఏదో జరిగి మీటరు పెరిగిందని ఎవరూ అనరు, దారులే వేరు. గడియారమూ దారిని కొలిచే మీటరే. తేడా ఒక్కటే. రోడ్డు మీద వంపు దారి ఎక్కువ చూపిస్తుంది, కాలంలో వంపు దారి తక్కువ చూపిస్తుంది.

ఇది ఎక్కడైనా నిజంగా జరిగిందా?

సెర్న్‌లో 1970ల్లో మ్యూయాన్ కణాలను 14 మీటర్ల వ్యాసమున్న వలయంలో కాంతి వేగంలో 99.94 శాతంతో తిప్పారు. నిలకడగా ఉంటే మ్యూయాన్ సగటు ఆయుష్షు 2.2 మైక్రోసెకన్లు. వలయంలో అది 64 మైక్రోసెకన్లు దాటింది, సుమారు 29 రెట్లు. ప్రతి చుట్టుకూ బయల్దేరిన చోటికే తిరిగొచ్చే ఈ కణాలు అచ్చంగా గంగలాంటివి. వాటి మీద త్వరణం భూమ్యాకర్షణకు కోటి కోటి రెట్లను మించినది. అయినా ఆయుష్షు వేగం చెప్పినంతే పెరిగింది, త్వరణం వల్ల విడిగా ఏమీ తోడవలేదు.

1971 అక్టోబరులో హాఫెలే, కీటింగ్ సీజియం గడియారాలను ప్రయాణికుల విమానాల్లో భూమి చుట్టూ తిప్పారు. తూర్పుగా వెళ్లినవి 59 నానోసెకన్లు వెనకబడ్డాయి, పడమరగా వెళ్లినవి 273 నానోసెకన్లు ముందున్నాయి. ఎత్తు వల్ల గురుత్వం తగ్గడాన్నీ, భూభ్రమణాన్నీ కలుపుకుని వేసిన లెక్కకు, కొలతల్లోని పొరపాటు పరిధిలో ఇవి సరిపోయాయి.

నిజమైన కవలలూ ఉన్నారు. అమెరికా వ్యోమగామి స్కాట్ కెల్లీ 2015, 2016ల్లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో 340 రోజులు ఉన్నాడు. ఆయన కవల అన్న మార్క్ భూమ్మీదే ఉన్నాడు. ఆరు నిమిషాలు చిన్నవాడైన స్కాట్, ఆ యాత్రతో ఇంకో 8 మిల్లీసెకన్ల వరకు చిన్నవాడయ్యాడు.

మరి గంగకు ఆయుష్షు కలిసొచ్చినట్టేనా?

లేదు. ఆమె బతికింది ఆరేళ్లే. ఆరేళ్ల భోజనాలు, ఆరేళ్ల నిద్ర, ఆరేళ్ల చదువు. ఆమె గుండె ఆరేళ్లకు కొట్టుకునేన్నిసార్లే కొట్టుకుంది. గౌరి పదేళ్లు బతికింది. ఎవరి కాలమూ సాగలేదు, కుదించుకుపోలేదు. ఇద్దరూ నడిచిన దారుల పొడవు వేరు, అంతే. అందరికీ ఒకే కాలం ప్రవహిస్తోందన్న పాత నమ్మకాన్ని వదులుకుంటే, ప్రతి ఒక్కరి లెక్కా మిగతావారి లెక్కతో చిల్లిగవ్వ తేడా లేకుండా సరిపోతుంది. ఈ సిద్ధాంతంలో నన్ను అన్నిటికంటే కట్టిపడేసేది ఆ పొంతనే.

నా మాట మీద నమ్మకం ఉంచక్కర్లేదు, మీరే వేసి చూడండి. ఈసారి గుణకం 2 తీసుకోండి. వేగం 3/5 వస్తుంది. నక్షత్రం 3 కాంతి సంవత్సరాల దూరంలో ఉందనుకోండి. గౌరికి 10 ఏళ్లు, గంగకు 8 ఏళ్లు రావాలి. కబుర్లు లెక్కపెట్టండి. తర్వాత గంగ కొలతల్లో యమున వేగం 15/17 అని తేల్చి, లెక్క మొత్తం మళ్లీ వేయండి. రెండు దారుల్లోనూ అదే 10, అదే 8 వస్తే ఈ సిద్ధాంతం మీకు అర్థమైనట్టే.